తేలే కొండల వెనక: పండిత రమాబాయి స్మారకోపన్యాసం



పండిత రమాబాయి 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఇవాళ ఆమె వర్ధంతి. ఇలాంటి సభల్లో ఆమె గురించి మూడు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. సంస్కృత పండితురాలనీ, వితంతువులకు అండగా నిలిచిన మనిషనీ, క్రైస్తవం పుచ్చుకున్నావిడనీ అంటారు. ఎవరికి ఇష్టమైన ముక్క వాళ్లు తీసుకుని మిగతా రెండూ పక్కన పెట్టేస్తారు. ఇవాళ నేను ఆ మూడింటి కిందా పారిన ఒకే నీటిని చూపించాలనుకుంటున్నాను. రమాబాయి పుట్టింది మొదలు పోయేదాకా దేవుణ్ణి నమ్మారు. అంతకాలమూ దేవుడి పేరిట, శాస్త్రం పేరిట, సంఘం పేరిట, సర్కారు పేరిట జరిగే మోసాన్ని పట్టుకుంటూనే వచ్చారు. నమ్మకం ఒకవైపు, ప్రశ్న ఇంకోవైపు అన్నట్టు ఆమెను రెండు ముక్కలు చేయకండి. భక్తి నిజంగా ఉన్న మనిషికే భక్తి పేరుతో జరిగే మోసం ఒంటికి ముల్లులా తగులుతుంది. నమ్మకం లేనివాడు ఆ మోసాన్ని చూసి నవ్వుకుని వెళ్లిపోగలడు. నమ్మినవాళ్లకు ఆ వీలు లేదు.

1907లో ఆమె ఇంగ్లీషులో తన జీవితకథ చెప్పుకుంటూ 'ఎ టెస్టిమొనీ' అనే చిన్న పుస్తకం రాశారు. అందులో ఒక కొలను కథ ఉంది. అన్నగారు శ్రీనివాసశాస్త్రితో కలిసి ఆమె కాలినడకన తీర్థాలు తిరుగుతున్న రోజులవి. ఒక పుణ్యక్షేత్రంలో కొలనులో ఏడు చిన్న కొండలు నీటి మీద తేలుతుంటాయని, యాత్రికుడు పుణ్యాత్ముడైతే ఆ కొండలు వాటంతట అవే అతని దగ్గరికి వస్తాయని, పాపి అయితే కదలవని అక్కడ చెప్పేవారు. ఒడ్డున నిలబడి పూజ చేయాలి, దక్షిణ ఇవ్వాలి, ఎదురుచూడాలి. నీళ్లలోకి మాత్రం దిగకూడదు, మొసళ్లున్నాయి అని పూజారులు ముందే హెచ్చరించేవారు. అన్నాచెల్లెళ్ల మనసులో ఏదో అనుమానం. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు అన్నగారు కొలనులోకి దిగారు. ఈదుకుంటూ కొండ దాకా వెళ్లి చూస్తే అది తెప్ప. తెప్ప మీద మట్టి పోసి, రాళ్లు పేర్చి, చెట్లు నాటారు. యాత్రికుడి దక్షిణ అందాక కొండ వెనక మనిషి నక్కి దాన్ని ఒడ్డుకు నెట్టేవాడు.

ఈ కథ చెప్పేటప్పుడు ఆమె వెక్కిరించరు. ఆ కొలను గట్టున కూర్చుని కొండ తన వైపు రాలేదని ఏడ్చిన యాత్రికుల్లో తన కుటుంబమూ ఉండి ఉండేదని ఆమెకు తెలుసు. అలాంటి కొలనుల గట్టున ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇచ్చిన ఇల్లు ఆమెది.

తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, పేరున్న పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. ఆడదానికి దేవభాష నేర్పుతావా అని కులపెద్దలు నిలదీశారు. ఉడుపిలో నాలుగు వందలమంది దాకా పండితులు కూర్చున్న సభలో ఆయన తన పక్షాన శాస్త్ర వాక్యాలు ఒక్కొక్కటే ఎత్తి చూపించి, స్త్రీకి చదువు నిషేధమని ఎక్కడుందో చూపమన్నాడు. వేదాధ్యయనం తప్ప మిగతావి నేర్పవచ్చని ఆయన వాదన. దాన్ని వాళ్లు కొట్టేయలేకపోయారు. అయినా ఊళ్లో బతకనివ్వలేదు. పడమటి కనుమల్లో గంగామూల అనే అడవిలో ఆశ్రమం కట్టుకున్నారు. 1858 ఏప్రిల్ 23న రమాబాయి పుట్టింది ఆ అడవిలోనే.

రమాబాయికి చదువు చెప్పింది తల్లి. తెల్లవారుజామున పక్షులు కూయకముందే పిల్లను నిద్రలోంచి లేపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే ముద్దుమాటలతో కళ్లు తెరిపించి, శ్లోకం తర్వాత శ్లోకం వల్లె వేయించింది. చేతిలో పుస్తకం లేదు. అమ్మ నోట్లోంచి పిల్ల నోట్లోకి, అంతే. పగలంతా ఇంటిల్లిపాదికీ, వచ్చిపోయే శిష్యులకూ, అతిథులకూ వండిపెట్టే ఆ ఇల్లాలికి ఇంకో సమయం లేదు మరి. భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు ఆ పిల్లకు కంఠతా వచ్చింది అలాగే. తర్వాత అమెరికాలో అచ్చయిన తన పుస్తకాన్ని రమాబాయి తల్లికే అంకితమిచ్చారు. ప్రభావమనే మాటకు వేదికలు, పదవులు గుర్తుకొస్తాయి మనకు. నాకు మాత్రం ఆ చీకటి పొద్దు గుర్తుకొస్తుంది. పక్కన ఎవరూ చూడని చోట ఒక ఆడమనిషి ఇంకో ఆడపిల్లకు ఇచ్చిన చదువు అది.

ఇక మన నేలకు వస్తాను. అనంతశాస్త్రి కుటుంబం పురాణాలు చదువుతూ ఊరూరూ తిరిగేది. వచ్చిన సంభావనలో తమకు కావలసినంత ఉంచుకుని మిగతాది దానధర్మాలకు ఇచ్చేసేవారు. ఇస్తే దేవుడు తిరిగి ఇస్తాడని శాస్త్రం చెప్పింది, అది నిజమని నమ్మారు. 1870ల్లో దక్షిణాదిని కరువు పట్టింది. రాయలసీమలో పెద్దలు ఇప్పటికీ తలుచుకునే ధాత కరువు ఆ దశకం చివరిదే. పురాణం వినేవాడే లేడు. ఉన్న డబ్బు, నగలు, ఇత్తడి, వెండి సామాను, మంచి బట్టలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. కూలిపని చేద్దామంటే బ్రాహ్మణ్యం అడ్డం. పిల్లలకు శాస్త్రం తప్ప వేరే విద్య నేర్పలేదు. చివరికి తిరుపతి చేరారు. కొండెక్కారు, తీర్థాల్లో మునిగారు, మొక్కుకున్నారు. ఏమీ దొరకలేదు. యాచించడానికి సిగ్గు. అడవిలోకి వెళ్లి అక్కడే ప్రాణాలు వదలాలనుకున్నారు. ఆకులు, అడవి ఈతపళ్లు, నీళ్ల మీద పదకొండు రోజులు గడిచాయి. అప్పటికే చూపు పోయిన ముసలి తండ్రి నీళ్లలో మునిగి తనువు చాలిస్తానని సిద్ధపడ్డాడు. కూతురిని దగ్గరికి తీసుకుని నిన్ను దేవుడి చేతిలో పెట్టాను, బతికినంతకాలం ఆయన్నే సేవించు అన్నాడు. అప్పుడు కొడుకు ముందుకొచ్చి, నేను కూలికి పోతాను, కులమర్యాద ఎటు పోయినా సరే అన్నాడు. ముసలాయన ఆగాడు. అయితే ఆ శరీరంలో ఇంక ఏమీ మిగల్లేదు. కొద్ది రోజులకే పోయాడు.

తిరుపతి అనగానే మనకు గుర్తుకొచ్చే ఇంకో స్త్రీ తరిగొండ వెంగమాంబ. బాల్యంలోనే భర్త పోయినా బొట్టు, పూలు తీయనన్నది. వేంకటేశ్వరుడే నా భర్త, నాకు వైధవ్యమేమిటి అన్నది. తల గొరిగించుకోమని ఊరూ, పీఠాధిపతీ ఒత్తిడి తెస్తే ఆమె నిలబడిన తీరును చిత్తూరు ప్రాంతంలో ఇప్పటికీ కథగా చెబుతారు. 1817లో ఆమె పరమపదించింది. ఇవాళ కొండ మీద వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరుంది. ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తారు. రమాబాయి కుటుంబం ఆకలితో ఆ మెట్లెక్కింది ఆమె పోయిన ఆరు దశాబ్దాలలోపే. సంప్రదాయం లోపల ఉండి, దేవుడి మీద హక్కుతోనే, ఆచారం పేరిట తన మీద జరగబోయే అన్యాయాన్ని తిరగగొట్టిన మనిషి వెంగమాంబ. రమాబాయి దారి వేరైంది. ధైర్యం ఒకే జాతిది.

తండ్రి పోయిన కొన్ని నెలలకు తల్లి కూడా మంచాన పడింది. అది రాయచూరు. తల్లికి జ్వరంలో ఒక రొట్టె ముక్క తినాలనిపించింది. సజ్జరొట్టె చాలు. రమాబాయి పక్కింటికి వెళ్లింది. గుమ్మంలో నిలబడింది. అడగాలి. జీవితంలో ఎన్నడూ చేయి చాచని పిల్ల. నోరు పెగల్లేదు, కన్నీళ్లు మాత్రం ఆగలేదు. ఆ ఇల్లాలు ఆ పిల్ల ముఖం చూసి ఏమీ అడగకుండా ఒక రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. పరుగున తెచ్చి తల్లి నోటికి అందించేసరికి ఆమెకు మింగే శక్తి పోయింది. పాడె మోయడానికి నలుగురు బ్రాహ్మణులు కావాలి. ఇద్దరే వచ్చారు. మూడో మనిషి అన్న. నాలుగోవైపు రమాబాయి పట్టారు. పొట్టిగా ఉండేవారు కాబట్టి భుజానికి అందక ఆ కొమ్మును తల మీద పెట్టుకుని దూరాన ఉన్న శ్మశానం దాకా నడిచారు. స్త్రీలు శ్మశానానికి రాకూడదని ఆచారం. ఆ రోజు ఆ ఆచారం గురించి మాట్లాడేవాడు ఒక్కడూ అక్కడ లేడు.

రొట్టె ఇచ్చిన ఆ ఇల్లాలి పేరు చరిత్రకెక్కలేదు. తర్వాత రమాబాయి వందలమందికి అన్నం పెట్టినప్పుడు ఆమె పెట్టినది ఆ ఇల్లాలు పెట్టినట్టే. ముందు పేరు, కులం, కథ అడగలేదు.

అన్నాచెల్లెళ్లు దేశమంతా తిరిగారు. వేల మైళ్లు. జీలం ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో మనిషి పట్టేంత గుంట తవ్వి, అందులో పడుకుని మెడ దాకా ఇసుక కప్పుకునేవారు. వ్రతాలు, నోములు, ఉపవాసాలు, తీర్థస్నానాలు ఏవీ మానలేదు. ఏ దేవుడూ పలకలేదు. 1878లో కలకత్తా చేరినప్పుడు అక్కడి పండితులు ఆమెను పరీక్షించి 'పండిత', 'సరస్వతి' అని బిరుదులిచ్చారు. ఇరవయ్యేళ్ల పిల్లను సభలో కూర్చోబెట్టి స్త్రీలకు ధర్మం బోధించమన్నారు. ఆ బోధ కోసం ఆమె ధర్మశాస్త్రాలు మొదటిసారి క్షుణ్ణంగా చదివారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వేదాల ప్రతి ఇచ్చి చదవమంటే, స్త్రీ చదవకూడదు కదా అన్నారట ముందు. తర్వాత చదివారు.

అప్పుడు ఆమెకు కనిపించింది ఇంకో కొలను. ధర్మశాస్త్రాలు, పురాణాలు, కావ్యాలు, ఇంకా ఆనాటి పండితుల మాటలు ఎన్నో విషయాల్లో ఒకదాన్నొకటి కాదంటాయి. కానీ రెండు విషయాల్లో మాత్రం అన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయని ఆమె రాశారు. స్త్రీ స్వభావంచేతనే చెడ్డది. భర్తను దేవుడిగా కొలవడం తప్ప ఆమెకు మోక్షానికి వేరే దారి లేదు. శూద్రుడికీ దాదాపు అంతే. ఏ శ్లోకాలను తండ్రి సభల్లో ఆయుధంగా వాడాడో, ఏ శ్లోకాలను తల్లి చీకటితో లేచి నేర్పిందో, వాటిలోనే తన మీద తీర్పు రాసి ఉంది. చదువు లేనివాళ్లకు అర్థమయ్యే అవకాశం లేదు. చదివినవాళ్లలో మగవాళ్లకు అవసరం లేదు. కనిపెట్టాల్సింది ఆమే. శాస్త్రంలో దయ ఉన్న వాక్యాలను వెలికి తీసిన సంస్కర్తలు ఆ కాలంలో ఎందరో ఉన్నారు, వారి శ్రమ తక్కువది కాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించింది ఆ బలంతోనే. ఆయన వెనక భార్య రాజ్యలక్ష్మమ్మగారు పడ్డ కష్టం మీ అందరికీ తెలుసు. రమాబాయి మాత్రం శాస్త్రాన్ని తన పక్షానికి తిప్పుకునే ప్రయత్నం ఇక చాలనుకున్నారు.

అన్న 1880లో ఢాకాలో పోయాడు. అదే ఏడు ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును, శూద్ర కులస్థుడిని, రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. రెండేళ్లు నిండకముందే ఆయనా కలరాతో పోయాడు. మనోరమ అనే చిన్న కూతురిని చంకనేసుకుని 1882లో పూనా వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టారు. ఆ ఏడే హంటర్ విద్యా కమిషన్ ముందు సాక్ష్యం చెబుతూ ఆడపిల్లలకు ఆడ టీచర్లు కావాలి, ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలి అని అడిగారు. పరాయి మగవాడికి రోగం చెప్పుకోలేక చనిపోతున్న ఆడవాళ్లున్నారని ఆ కమిషన్‌కు చెప్పినావిడ వయసు అప్పుడు ఇరవై నాలుగు.

ఆమె ఇంగ్లండు వెళ్లింది వైద్యం చదవాలని. వినికిడి లోపం వల్ల ఆ చదువు సాగలేదు. వాంటేజ్ అనే ఊళ్లో ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో ఉన్నారు. 1883 సెప్టెంబరు 29న ఆమె, కూతురు బాప్తిస్మం తీసుకున్నారు. చెడిపోయారని లోకం ముద్ర వేసిన స్త్రీలను ఆ మఠం వాళ్లు ఇంట్లో పెట్టుకుని మళ్లీ మనుషులుగా నిలబెట్టడం ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిందని తర్వాత రాశారు. ఇక్కడితో కథ ముగించే వాళ్లు చాలామంది. వాళ్లు తర్వాత పుటలు తిరగేయలేదు.

ఎందుకంటే ఆంగ్లికన్ చర్చి కూడా ఆమెను లొంగదీయాలనే చూసింది. ఆమె విశ్వాసాన్ని తమ అదుపులో ఉంచాలని వాంటేజ్ మఠంలోని సిస్టర్ జెరాల్డిన్ రాసే ఉత్తరాలకు ఆమె ఇచ్చిన జవాబులు ఇప్పుడు అచ్చులో దొరుకుతాయి. మెళ్లో వేసుకునే సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని అడిగారు. చెల్టెన్‌హామ్ మహిళా కాలేజీలో ఉన్నప్పుడు ఆమె మగ విద్యార్థులకు పాఠం చెబితే ఇండియాలో ఆమె పరువు పోతుందని బిషప్పులు అభ్యంతరం చెప్పారు. దేశమంతా తిరిగి మగవాళ్ల సభల్లో మాట్లాడిన మనిషికి ఆ మాట! త్రిత్వం మీద, చర్చి విశ్వాస సూత్రాల మీద ఆమె వేసిన ప్రశ్నలకు జవాబు లేక వినయం నేర్చుకోమన్నారు. మన పురోహితుల కాడి మెడ మీంచి దించుకోవడానికి ఎంత కష్టపడ్డానో, దానికి బదులు ఇంకో కాడి ఎత్తుకోనని ఆమె తెగేసి చెప్పారు. కొత్తగా నమ్మిన మతం మీద ప్రేమ ఉన్నప్పుడే ఆ మతం పెద్దలకు ఎదురు తిరగడం ఎంత కష్టమో, ఎప్పుడైనా ఒక సంఘంలోకి కొత్తగా చేరినవాళ్లకు తెలుస్తుంది. అప్పుడు ఆమె వాళ్ల ఇంట్లో, వాళ్ల అన్నం తింటున్నారు. చేతిలో బిడ్డ. స్వదేశంలో తలుపులు మూసుకున్నాయి. ఆ స్థితిలో కాదనడం చిన్న విషయం కాదు.

1886లో అమెరికా వెళ్లారు. ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా తీసుకునే సభకు. 1887లో 'ది హై కాస్ట్ హిందూ వుమన్' అచ్చయింది. ఆ పుస్తకం అమ్మకాలు, ఉపన్యాసాలు తెచ్చిన అండతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడు పూనాకు మార్చారు. 1889లోనే బొంబాయి కాంగ్రెస్‌కు ప్రతినిధులుగా వెళ్లిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. దానితో పాటు జరిగిన సామాజిక సభలో వితంతువుల శిరోముండనానికి వ్యతిరేకంగా మాట్లాడారు.

శారదా సదన్ గురించి ఒక మాట ఆగి చెప్పాలి. అక్కడ మతబోధ ఉండదని, పిల్లలు తమ ఆచారాలు తాము పాటించుకోవచ్చని మాట ఇచ్చారు. ఆ ప్రకారం వంటలూ వేరుగా జరిగాయి. కానీ రమాబాయి పొద్దున్నే తన గదిలో ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేవారు కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో ఇది పెద్ద గొడవైంది. తిలక్ పత్రిక 'కేసరి' విరుచుకుపడింది. సలహా సంఘంలో ఉన్న రానడే, భండార్కర్ వంటి వాళ్లు తప్పుకున్నారు. పాతికమంది దాకా పిల్లల్ని ఇళ్లవాళ్లు తీసుకెళ్లిపోయారు. రమాబాయిని అభిమానించేవాళ్లు ఈ సంగతి వచ్చినప్పుడు తిలక్‌ను నాలుగు మాటలని దాటేస్తారు. నేను అలా దాటను. కూడూ గూడూ ఇచ్చే మనిషి గది తలుపు తెరిచి ఉంటే, ఆ తెరవడంలోనూ ఒక ఒత్తిడి ఉంటుంది. దిక్కులేని పన్నెండేళ్ల పిల్ల తన అన్నదాత ఏం చేస్తే అది చేయాలనుకోవడం సహజం. విమర్శకులు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. అదే సమయంలో ఇంకోటి కూడా నిజం. ఆమె ఆ తలుపు సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. అడిగిన ప్రతివారికీ ఉన్నదున్నట్టు చెప్పారు. తర్వాత పెట్టిన ముక్తి ఆశ్రమాన్ని బాహాటంగా క్రైస్తవ ఆశ్రమమనే పిలిచారు. ఏ బోర్డు కింద ఏముందో రాసి పెట్టారు. ప్రభావం చేతిలో ఉన్నవాళ్లు కనీసం ఆ పని చేయాలి.

తర్వాత ఆమె చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది బృందావన ప్రయాణం. ఉత్తరాది పుణ్యక్షేత్రాల్లో వేలమంది వితంతువులు ఎలా చేరుతున్నారో చూడాలని స్వయంగా వెళ్లారు. ఆమెకు తెలిసింది ఇది: పండాల, అంటే తీర్థాల్లోని పురోహితుల, తరఫున మనుషులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, ఊరూరూ తిరుగుతారు. చిన్న వయసు వితంతువు ఎక్కడుందో ఆరా తీస్తారు. ఇంటివాళ్లు కసురుకుంటున్నప్పుడు పక్కన చేరి కన్నీళ్లు తుడుస్తారు. కృష్ణుడి ఊళ్లో ఉంటే పుణ్యం, మోక్షం, మా అమ్మాయిలా చూసుకుంటాం, రా అంటారు. ఆ పిల్ల ఉన్న నగలు మూటగట్టుకుని వెంట వెళ్తుంది. కొన్నాళ్లకు నగలు పోతాయి, డబ్బు పోతుంది, తర్వాత శరీరం. వయసు మళ్లాక భజన మందిరంలో గుప్పెడు బియ్యానికి రోజంతా నామం పాడాలి. మోసం ఎప్పుడూ శత్రువు వేషంలో రాదు. పక్కన కూర్చుని వీపు నిమిరే చెయ్యిగా వస్తుంది. రాయచోటి, కడప, గోదావరి ప్రాంతాల పల్లెల్లో గల్ఫ్ ఏజెంట్ల వెంట ఇంటిపనికి వెళ్లి చిక్కుకుపోయిన ఆడవాళ్లను కలిసినవాళ్లకు ఆ మాటలు కొత్తగా అనిపించవు. అక్కడ కూడా మొదట ఇంటికొచ్చేది తెలిసిన మనిషే. అక్కా అని పిలిచే మనిషే.

1896-97లో మధ్య పరగణాల్లో కరువు వచ్చినప్పుడు రమాబాయి రైలెక్కారు. సర్కారు పెట్టిన కరువు శిబిరాలకు కూడా దళారులు వచ్చి చిన్నపిల్లల్ని ఏరుకుంటున్నారని చూశారు. వాళ్లకంటే ముందు తాను చేరాలి, అంతే ఆమె లెక్క. దాదాపు మూడు వందలమంది ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. పూనాలో ప్లేగు కారణంగా కొత్తవాళ్లను రానివ్వమని అధికారులు అడ్డుపడితే, ఊరికి దూరంగా కేడ్గావ్‌లో తాను కొన్న పొలంలో గుడారాలు వేయించారు. ముక్తి ఆశ్రమం మొదలైంది అలా.

అదే 1897లో పూనా ప్లేగు ఆసుపత్రిలో ఆడవాళ్ల పట్ల జరుగుతున్నదాని మీద ఆమె ఒక బొంబాయి పత్రికకు ఉత్తరం రాశారు. అది లండన్ పార్లమెంటులో ప్రశ్నగా లేచింది. గవర్నర్ లార్డ్ శాండ్‌హర్స్ట్ ఆమె ఆరోపణలు సరికాదని కొట్టిపారేశాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. తెల్లదొరల మతంలో చేరింది కాబట్టి తెల్లదొరల మనిషి అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు ఆ ఉత్తరం దగ్గర కాసేపు ఆగాలి.

1900 గుజరాత్ కరువు తర్వాత ముక్తిలో దాదాపు రెండువేలమంది అయ్యారు. అంతమంది ఆకలిగొన్న పిల్లలను ఒకచోట పెట్టడమంటే ఏమిటో ఊహించండి. పేలు, గజ్జి, విరేచనాలు, పక్క తడపడం, రాత్రిళ్లు కేకలు. ఆశ్రమంలో మగ్గాలు పెట్టారు, గానుగ ఆడించారు, పాడి పెట్టారు, తోట వేశారు, అచ్చు యంత్రం తెచ్చారు. మోసపోయి గర్భంతో వచ్చిన స్త్రీల కోసం కృపా సదన్, చూపులేనివాళ్ల కోసం బార్తిమీ సదన్ కట్టారు. అక్కడ మనోరమ నేర్చుకుని వచ్చిన బ్రెయిలీ నేర్పారు. ఏ పనీ రాని ఆడదాన్ని ఎవరైనా మాటలతో పడగొట్టగలరని రమాబాయికి తిరుపతి అడవిలోనే తెలిసింది. పండిత కుటుంబమైనా చేతిలో పని లేక చావు దాకా వెళ్లిన ఇల్లు అది. అందుకే ప్రతి పిల్లకూ చదువుతో పాటు ఒక పని నేర్పారు. ప్రార్థన ముఖ్యమన్నావిడే, ప్రార్థన చేసే పిల్ల చేతికి ఒక పని ఉండి తీరాలన్నారు.

చివరి పదిహేనేళ్లకు పైగా ఆమె బైబిలును మరాఠీలోకి తెచ్చే పనిలో గడిపారు. అప్పటికే మరాఠీ బైబిలు ఉంది. అందులో సంస్కృతం పాలు ఎక్కువై, ముక్తిలోని పల్లెటూరి ఆడవాళ్లకు అందడం లేదు. ఈమె నలభై దాటిన వయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు. మూలం చదువుకుని, కంఠతా వచ్చిన అన్ని వేల శ్లోకాల భాషను పక్కన పెట్టి, పొలంలో, వంటింట్లో వాడే మాటలు వెతికారు. అర్థం కాని పుస్తకం చేతిలో ఉన్నంతకాలం, దాన్ని అర్థం చెప్పేవాడి మాటే చెల్లుతుంది. ఆ అవకాశం ఏ పండితుడికీ, ఏ పాదరీకీ మళ్లీ ఇవ్వదలచుకోలేదు ఆమె. అక్షరాలు కూర్చింది ముక్తి ఆడవాళ్లు. అచ్చు వేసింది, మడతలు పెట్టింది, కుట్టింది వాళ్లే. 1921 జులైలో మనోరమ పోయారు. తొమ్మిది నెలలు తిరగకముందే తల్లి పోయారు. పూర్తి బైబిలు 1924లో బయటికి వచ్చింది.

ఆమె ప్రభావం ఎక్కడి దాకా వెళ్లిందో చూడాలంటే ముక్తి ఆశ్రమం గేటు దగ్గర ఆగకూడదు. శారదా సదన్‌లో మొట్టమొదట చేరిన వాళ్లలో గోదుబాయి అనే బాలవితంతువు ఒకరు. ఆమె మతం మారలేదు. 1893లో ధోండో కేశవ్ కర్వేను పెళ్లి చేసుకుని ఆనందీబాయి కర్వే అయ్యారు. ఆ పెళ్లికి కర్వే స్వగ్రామం ఆయన్ను వెలివేసింది. 1896లో కర్వే హిందూ వితంతువుల కోసం ఆశ్రమం పెట్టారు. 1916లో అదే ఇండియాలో మొదటి మహిళా విశ్వవిద్యాలయానికి దారితీసింది. గోదుబాయి చెల్లెలు పార్వతీబాయి ఆఠవలే కూడా వితంతువే. ఆ ఆశ్రమంలో చేరి, దాని కోసం దేశమంతా తిరిగి చందాలు పోగుచేశారు. ఏళ్ల తరబడి గొరిగించుకున్న తలను ఒక రోజు ఇక చాలని ఆపేసి, జుట్టు పెంచుకున్నారు. 1889లో బొంబాయి సభలో రమాబాయి ఏ ఆచారానికి వ్యతిరేకంగా మాట్లాడారో, దాన్ని ఆమె తన తల మీదే ఆపేశారు.

 ప్రశ్నలుంటే అడగండి. ముఖ్యంగా విద్యార్థినులు.